మంచు మీద నా బూట్ల అచ్చులు

బోధన్‌లో నా గురించి ఒక అబద్ధం తిరుగుతోంది. ఉత్తర ధ్రువం వైపు మంచు అడవిలో తప్పిపోయిన మా బావను నేను వెతికి, ప్రాణాలతో తెచ్చానని. పోయిన నెల మా ఎరువుల డీలర్లందరూ కలిసి శాలువా కూడా కప్పారు. నేను కాదని చెబితే వినయం అనుకున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది గానీ, మా ఊరి గ్రంథాలయంలో నేను చదవని అల్మారా లేదు. ధ్రువ యాత్రల పుస్తకాలే పదకొండు చదివాను. విపరీతమైన చలిలో మనిషి మెదడు ఏమేం చూపిస్తుందో ఆ దేశం పోకముందే నాకు తెలుసు.

నాది విత్తనాలు, ఎరువుల దుకాణం. మా అక్క లక్ష్మి భర్త గంగాధర్ బావకు చందూర్‌లో అలాంటిదే ఉంది. అమ్మకాలు బాగా చేసిన డీలర్లను కంపెనీలు విదేశాలు తిప్పడం మా దగ్గర మామూలే. ఎప్పుడూ బ్యాంకాక్ అనేవారు, రెండేళ్ల కిందట మాత్రం ఫిన్లాండ్ అన్నారు.

"మంచు సూడనీకి గంత దూరం ఎందుకురా? ఫ్రిజ్ తలుపు తెరిస్తే సాలదా?" అన్నాడు బావ. నేనే పట్టుబట్టి ఒప్పించాను. బావకు షుగర్, రోజూ ఇన్సులిన్ వేసుకుంటాడు. బయలుదేరేటప్పుడు అక్క నాతో ఒకటే మాట అన్నది. "ఆయనను ఒక్కన్ని ఇడ్సిపెట్టకురా సీను."

మూడో రోజు మంచు అడవిలోకి తీసుకుపోయారు. ఐదుగురం డీలర్లం, మా గైడ్ ఐనో అనే నలభై ఏళ్ల ఆవిడ. మంచు మీద నడిచే మోటారు బండికి కట్టిన చెక్క బండిలో గంటన్నర ప్రయాణం. అక్కడ ఆ కాలంలో సూర్యుడు రాడు. నడిమధ్యాహ్నం రెండు మూడు గంటలు నీలిరంగు వెలుగు ఉంటుంది, అంతే. చలి సున్నాకు ఇరవై ఆరు డిగ్రీలు కింద.

బూట్లు అద్దెవి. నాకిచ్చిన జతలో ఎడమ మడమ కింద రబ్బరు అడ్డంగా చీలి ఉంది. నీళ్లు పోతాయేమోనని పొద్దున్నే ఐనోకు చూపించాను. పోవని చెప్పింది. బావకు గ్లౌజుల పట్టీలు బిగించుకోవడం రాలేదు. అవి నేనే బిగించాను.

అడవిలో ఒక చెక్క గుడిసె. మధ్యలో నేల మీద పొయ్యి. ఐనో ముందు పోయి మంట వేసింది. మేము గడప దగ్గర ఆగి, ఐదుగురమూ బూట్లు విప్పి బయట చెక్కల మీద వరుసగా పెట్టాం. "పొయ్యి కాడికి చెప్పులతోని పోతరా ఎక్కడన్న?" అని బావ అన్నాడు, అందరం తలూపాం.

ఐనో చూసి గాబరా పడింది. ఇక్కడ బూట్లు బయట పెడితే ఐదు నిమిషాల్లో రాయిలా అవుతాయి, లోపలికి తెచ్చుకోండి అంది. నలుగురూ తెచ్చుకున్నారు. ఆ కాసేపటికే బూట్లు బిగుసుకుపోయి, మంటకు పట్టి మెత్తబరచుకోవాల్సి వచ్చింది. నేను తెచ్చుకోలేదు. నేను మాట్లాడుతున్నాను.

ఏం మాట్లాడుతున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. మంచులో దారి తప్పినవాళ్లు తిన్నగా నడుస్తున్నామనుకుంటూ గుండ్రంగా ఎలా తిరుగుతారో చెబుతున్నాను. "అరే సీను భాయ్, మనం గుడిసెలకు వచ్చినం, లైబ్రరీలకు కాదు" అన్నాడు నిజామాబాద్ ఖలీల్ భాయ్. అందరూ నవ్వారు. నేను ఆపలేదు.

అప్పుడు బావ లేచి బూట్లు తొడుక్కున్నాడు, విప్పిన గ్లౌజులు చేతిలో పట్టుకున్నాడు. "బయటికి పోవాలె. రారా నాతోని."

"నువ్వు పో బావా, నీ వెనకే వస్త" అన్నాను.

పోలేదు.

మరుగుదొడ్డి గుడిసె వెనక యాభై అడుగుల దూరంలో ఉంది. అక్కడి చేపల వాసన పడక బావ పొద్దున ఏమీ తినలేదు, ఇన్సులిన్ మాత్రం వేసుకున్నాడు. ఈ సంగతి నాకు తెలుసు. పావుగంట గడిచిందో అరగంట గడిచిందో. ఐనో మమ్మల్ని లెక్కపెట్టి, ఇంకొకరు ఏరి అని అడిగేదాకా నాకు గుర్తే రాలేదు.

ఆమె తలుపు తీసింది. బయట గాలి లేచి మంచు కొడుతోంది. చెక్కల మీద నా బూట్లు ఉన్నాయి. నేను వాటి ముక్కులు గోడవైపు ఉండేలా పెట్టాను, ఇప్పుడు అడవివైపు ఉన్నాయి. కాళ్లు దూర్చాను. లోపల వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో విప్పినంత వెచ్చగా.

ఆ సమయంలో అదేమిటని ఆలోచించలేదు. ఐనో టార్చి కిందికి పట్టి ఆగిపోయింది. బావ అడుగులు మరుగుదొడ్డి దాకా గుంటలుగా ఉన్నాయి, ఆపైన మంచు పూడ్చేసింది. కానీ నా బూట్లు ఉన్నచోటు నుంచి ఇంకో వరుస మొదలైంది. అంచు చెదరకుండా, తాజాగా. ప్రతి ఎడమ అడుగులోనూ మడమ దగ్గర అడ్డగీత.

ఐనో నా ముఖం వంక చూసింది. నేను గుడిసె దాటలేదని ఆమెకూ తెలుసు. ఆ అడుగులు తొక్కకుండా పక్కనుంచి రమ్మని చెప్పి ముందు నడిచింది. ఖలీల్ భాయ్ నా చేయి పట్టుకుని, లోలోపలే ఏదో ప్రార్థన చదువుకుంటూ వచ్చాడు. అడుగులు మరుగుదొడ్డి దాటి చెట్లలోకి పోయాయి. ఎక్కడా తడబడలేదు, గుండ్రంగా తిరగలేదు.

రెండు వందల అడుగులు దాటాక ఒక చెట్టు మొదట్లో బావ కూర్చుని ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి గానీ స్పృహ ఉంది. చేతులకు గ్లౌజులున్నాయి, పట్టీలు బిగించి ఉన్నాయి. పక్కన మంచులో ఇంకో మనిషి కూర్చున్నంత గుంట. అడుగులు అక్కడ ఆగిపోయాయి.

ఐనో ఫ్లాస్కులోని తియ్యటి పళ్ల రసం కొంచెం కొంచెంగా తాగించింది. బావ నన్ను చూసి విసుక్కున్నాడు. "ఏం తొందరరా నీకు? గింత సేపు పక్కన కూసొని, పిలుస్తుంటె పలుకకుంట లేసి పోతవా?"

"ఎటు పోయిన బావా?" అని అడిగాను.

మేము వచ్చిన దిక్కే చూపించాడు. ఐనో ఆ దారంతా టార్చి వేసి చూసింది. ప్రతి అడుగు ముక్కూ బావ వైపే ఉంది. తిరిగి వచ్చిన జాడ ఒక్కటీ లేదు.

ఇంటికి వచ్చాక చాలా చదివాను. షుగర్ పడిపోతే లేని మనుషులు కనిపిస్తారట. చావు అంచుకు పోయినవాళ్లకు పక్కన ఎవరో ఉన్నట్టు అనిపిస్తుందట. బావ చూసినదానికి ఇది చాలు. మంచు మీది చీలిక గీతకు, పట్టీలకు, బూట్లలోని వెచ్చదనానికి చాలదు. బావ లేని మనిషిని చూసి ఉండవచ్చు, కానీ ఆ లేని మనిషి వేసిన అడుగులను నేనూ ఐనో ఖలీల్ భాయ్ ముగ్గురం చూశాం.

ఊళ్లో తిరిగే కథే అక్కకూ చెప్పి ఊరుకోవచ్చు. చెప్పలేకపోయాను. అక్క నిజం మొత్తం విన్నది. దయ్యం గురించి, అడుగుల గురించి ఏమీ అడగలేదు. "మరి నువ్వెందుకు పోలేదురా?" అన్నది.



ముందు నడిచి దారి చూపిన ఐనోకు కృతజ్ఞతలు. నేను చెప్పేది అబద్ధం కాదని ఎవరు అడిగినా సాక్ష్యం చెబుతున్న ఖలీల్ భాయ్‌కి, బావను బండి దాకా మోసిన మిగతా ఇద్దరు డీలర్లు వర్ని సాయిలుకు, రెంజల్ విఠల్‌కు, ఈ రాతలో తప్పులు దిద్దిన మా గ్రంథాలయం సుజాత గారికి కృతజ్ఞతలు. నన్ను ఇప్పటికీ తిట్టని గంగాధర్ బావకు. అంతా విన్నాక కూడా ఆ పూట నాకు అన్నం పెట్టిన మా లక్ష్మి అక్కకు.