రెండు సంతకాల ఖాతా

ఇల్లందు బొగ్గుగనుల దగ్గర కాపురం చేసినవాళ్లకు కుదువ అంటే బంగారం ఒక్కటే కాదు. ఏటీఎం కార్డు కూడా కుదువ పెడతారు. చేతిలో డబ్బు లేని కార్మికుడు తన కార్డును వడ్డీకి ఇచ్చేవాడి చేతిలో పెట్టి, దాని పిన్ నంబరు చెప్పి, అప్పు తెచ్చుకుంటాడు. జీతం పడిన రోజు ఆ వడ్డీ మనిషే వెళ్లి డబ్బు తీస్తాడు. తన వడ్డీ ఉంచుకుని మిగిలింది కార్మికుడికి ఇస్తాడు. కార్డు మాత్రం ఇవ్వడు. మధ్యలో కాగితం ఉండదు.

నా భర్త కార్డు ఏళ్ల తరబడి మా వీధి చివరి ఇంట్లోనే ఉంది. ఆ ఇంటాయన ఒకప్పుడు గనిలో మా ఆయనతో కలిసి పనిచేసినవాడే. మా ఆయన్ను బావా అని, నన్ను చెల్లె అని పిలిచేవాడు. మా ఆయనకు పత్తాలాట, అంటే పేకాట, వ్యసనం. మొదట చెట్ల కింద ఆడేవాడు, తర్వాత ఎవరింట్లోనో తలుపులు మూసుకుని ఆడేవాడు, చివరికి ఫోన్లో ఆడటం నేర్చాడు. ఫోన్లో ఆడితే ఇంట్లోనే ఉంటాడులే అని మొదట్లో నేను సంతోషించాను కూడా.

నేను అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లల బరువులు, గుడ్లు, పప్పు ఏ రోజువి ఆ రోజు రాసిన అలవాటు ఇంట్లోనూ ఉండిపోయింది. పెళ్లయిన ఏటి నుంచి డైరీ రాస్తున్నాను. వానలు, జ్వరాలు, చుట్టాల రాకపోకలు, అన్నీ అందులో ఉంటాయి. నా ఉద్యోగానికి పింఛను లేదు. వచ్చిన కొద్దిపాటి డబ్బు ఇంటి అప్పులకే పోయింది.

ఆయన రిటైర్మెంటు దగ్గరపడుతున్నప్పుడు విడాకులు తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఇన్నేళ్లు భరించి ఇప్పుడెందుకని చుట్టాలందరూ అడిగారు. ఇప్పుడైతేనే ఉపయోగం. పీఎఫ్, గ్రాట్యుటీ ఒకేసారి ఆయన ఖాతాలో పడతాయి. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. ఆ డబ్బు కూడా ఆటలో పోతే నాకు నిలవ నీడ ఉండదు. సారపాకలో కూతురు ఉంది. అల్లుడు మిల్లులో కాంట్రాక్టు కింద పనిచేస్తాడు. పిల్లలతో వాళ్లకే ఇల్లు ఇరుకు. వాళ్లకు దగ్గరగా, బూర్గంపాడులో ఒక పాత రెండు గదుల ఇల్లు అమ్మకానికి ఉంటే చూసి వచ్చాను. నా వాటా వస్తే అది కొనగలను.

వకీలు మా కూతురి ఈడు అమ్మాయి. నేను చెప్పిందంతా విని, ముందు నష్టం గురించే చెప్పింది.

“అమ్మా, విడాకులైతే, సార్ పోయినంక భార్యగా మీకొచ్చే పింఛను రాదు. గా సంగతి ఆలోచించుకున్నరా?”

“ఆలోచించిన బిడ్డా. పింఛను మొత్తం ఆయన్నే తిననియ్యి. నెలనెలా ఆయనకు బువ్వ ఉండాలె. పీఎఫ్‌ల, గ్రాట్యుటీల సగం నాకు రాయి.”

“రాస్త. కానీ రాసుడు అల్కనే, నిమిషం పని. పైసలు ఏ ఖాతాల పడతయన్నదే అసలు సంగతి. కార్డు ఇంకొకల చేతిల ఉంటే రేపు కోర్టు కాగితం పట్టుకొని ఎవలను అడుగుతరు?”

ఆమె చెప్పిన ఉపాయం ఒక్కటే. ఇద్దరి సంతకాలు ఉంటేగానీ పైసా కదలని కొత్త ఖాతా తెరవాలి. రిటైర్మెంటు కాగితాల్లో పాత ఖాతా బదులు దాన్ని రాయించాలి. వాటాలు పంచుకున్నాక మూసేయాలి.

విడాకులకు ఆయన అడ్డు చెప్పలేదు. కోర్టులో మొదటిసారి ఇద్దరం కలిసే దరఖాస్తు ఇచ్చాం. బ్యాంకుకూ వచ్చాడు, కొత్త ఖాతాకు సంతకం పెట్టాడు. గని ఆఫీసులో ఖాతా మార్పించే రోజున మాత్రం గేటు ముందున్న టీ కొట్టు దగ్గర కూర్చుని లేవలేదు.

“బావమరిది ఏమనుకుంటడే?” అన్నాడు, కార్డు ఉంచుకున్నవాణ్ని ఉద్దేశించి.

“ఏమనుకుంటడు?”

“ఆపతికి ఆదుకున్నోడు. చెప్పకుంట మారిస్తే మోసం చేసినట్టు కాదా?”

ఇన్నేళ్లలో నా చెవి కమ్మలు చెప్పకుండా తీసుకెళ్లినప్పుడు ఆయనకు ఆ మాట తోచలేదు. అయినా అందులో కొంత న్యాయం ఉంది. దాచి చేయడం నాకూ ఇష్టం లేదు. “సరే, చెప్పే మారుద్దాం. పిలువు,” అన్నాను.

వీధి చివరి ఇంటి వడ్డీ మనిషి వెంటనే బండి మీద వచ్చాడు. సంగతి విని నవ్వాడు.

“ముసలితనంల విడాకులేంది చెల్లె? రేపు మనవరాలి పెండ్లి పత్రికల నీ పేరు ఏమని కొట్టిస్తరు?”

“అమ్మమ్మ అని కొట్టిస్తరన్నా. గా వరుస విడాకులతోటి పోదు.”

టీ కొట్టతను ముఖం తిప్పుకుని నవ్వాడు. వడ్డీ మనిషి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“పైసలు పాత ఖాతాలనే పడనియ్యి. నేను మధ్యల ఉంట. నీ సగం నీ చేతిల పెట్టే పూచీ నాది. ఇంతకాలం బావ జీతం నేను తినలే కదా?”

“తినలేదు. కానీ నా ఇంటికి రావలసింది నీ ఇంటికి పోయి వచ్చింది. ఇగ గట్ల రావద్దు. అసలు ఎంత బాకీ ఉందో వకీలమ్మ ముందర చెప్పు. న్యాయంగ తేలింది ఆయన సగంల నుంచి ఆయన కడతడు. నా సగం ముట్టుకోవద్దు.”

“వకీలెందుకు మన నడుమ?”

“మన నడుమ కాగితం లేదు గనుక.”

వడ్డీ మనిషి మా ఆయన వైపు తిరిగాడు. “ఏం బావా, నువ్వేమంటవ్?”

మా ఆయన గ్లాసు కింద పెట్టాడు. “కార్డు నీ కాడనే ఉండనియ్యిరా. దాంట్ల ఇగ ఏం పడదు,” అని లేచి గేటు లోపలికి నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను. గుమాస్తా అడిగిన చోటల్లా సంతకాలు పెట్టాడు. వడ్డీ మనిషి వకీలు దగ్గరికి తర్వాత వచ్చాడు. అక్కడ చెప్పిన బాకీ, వీధిలో చెప్పుకున్న బాకీ కంటే చాలా తక్కువ.

డబ్బు కొత్త ఖాతాలోనే పడింది. రెండోసారి కోర్టుకు వెళ్లినప్పుడు, ఇష్టంతోనేనా అని జడ్జిగారు అడిగితే ఇద్దరం అవునన్నాం. అక్కడి నుంచి నేరుగా బ్యాంకుకు వెళ్లాం. వాటాల కాగితాలు బల్ల మీద పెట్టుకున్నాక ఆయన కలం పట్టుకుని ఆగిపోయాడు.

“నా సగం గూడ నువ్వే పెట్టుకో,” అన్నాడు మెల్లగా. “నెలకింత ఇయ్యి. నా చెయ్యి నా మాట వినదే.”

ఆ మాట పెళ్లయిన కొత్తలో అని ఉంటే నా బతుకు వేరుగా ఉండేది. ఇప్పుడు విన్నా మనసు ఒక్క క్షణం కదిలింది. నెలకు ఎంత ఇవ్వాలి, మందులకు ఎంత పక్కన పెట్టాలి, అన్నీ తలలో అప్పుడే వరుసగా వచ్చేశాయి. అలవాటు అలాంటిది. ఒప్పుకుంటే ప్రతి నెలా ఆయన అడగటం, నేను లేదనటం, ఆయన బతిమాలటం మళ్లీ మొదలవుతాయి. కోర్టు విడదీసినదాన్ని నేనే కలిపి కుట్టినట్టు అవుతుంది.

“నా కాడ వద్దు,” అన్నాను. “గా పక్క కౌంటర్ల డిపాజిట్ చెయ్యి. నెలనెలా వడ్డీ ఇస్తరు. నడుమల తీస్తే కోత పెడతరు. నీ చేతికి గా కట్టడి చాలదంటే దవాఖానాల చూపించుకో, వ్యసనం మాన్పే డాక్టర్లున్నరు. నువ్వు అడిగితే ఎక్కడున్నరో చెప్త. పైసలు మాత్రం పట్టుకోను.”

“గంత కఠినమా?”

“అవ్.”

ఆయన సంతకం పెట్టాడు. దాని కింద నేను పెట్టాను. ఖాతా మూసిన రసీదు సంచిలో పెట్టుకుని, ఆయనకు వెళ్లొస్తానని చెప్పి బయటికి వచ్చాను. బూర్గంపాడు ఇంటికి ఆ సాయంత్రం బయానా డబ్బు ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాను. స్టాండులో అటువైపు వెళ్లే భద్రాచలం బస్సు కదలబోతోంది. చెయ్యెత్తి ఆపి ఎక్కాను.