క్లాసులో ఒక ఆమెన్

ఎమ్మే ఇంగ్లీషులో మాకు సృజనాత్మక రచన ఒక పేపరు. ఎవరు రాసింది వాళ్ళే క్లాసులో నిలబడి చదవాలి. చదవకపోతే ఆ పేపరు పోయినట్టే. జ్వరమని రెండుసార్లు తప్పించుకున్నాను. సోమవారం మాత్రం కుదరదని మేడమ్ మెత్తగానే చెప్పారు. డైరీలో ఎన్ని పేజీలైనా రాస్తాను గాని, నా మాటలు నా గొంతుతో నలుగురికీ వినిపించడం నా వల్ల అయ్యేది కాదు.

చదువు మానేస్తానని నాన్నతో చెప్పడానికి శుక్రవారం మలికిపురం వచ్చేశాను. చెప్పేలోపే మా ఇంట్లో ప్రార్థన కూడిక మొదలైంది. అమ్మమ్మకు చూపు ఆనదు. బైబిలు వాక్యం చదివే వంతు ఆమెకు వచ్చినప్పుడల్లా చిన్నప్పటినుంచీ నేనే చదువుతాను.

"మా మనవరాలు చదువుతాదండి," అంది అమ్మమ్మ, తన వంతు రాగానే.

లేచి చదివాను. హాలు నిండా జనం. ఒక్కచోటా తడబడలేదు. అందరూ వెళ్ళాక, కాలేజీలో చదవలేకపోతున్నానని అమ్మమ్మకు చెప్పాను.

"ఇక్కడ బానే చదివేవు కదే."

"ఇది దేవుడి మాట అమ్మమ్మా. అక్కడ నా మాటలు."

"దేని గురించి రాసేవేంటి?"

"నీ గురించే. నువ్వు కూలికెళ్ళి కొబ్బరి డొక్కలు ఏరిన రోజులు."

"మరి నీ మాటలెలాగవుతాయి? నావి. నా వంతు చదివినట్టే చదివెయ్యి."

నాన్నతో ఏమీ చెప్పకుండానే బస్సెక్కాను.

సోమవారం కాగితం రెండు చేతులతో పట్టుకుని, తలెత్తకుండా, కూడికలో చదివినట్టే చదివాను. చదివింది ఇంగ్లీషే. డొక్కల పీచు గోళ్ళలో గుచ్చుకునే చోట కాస్త ఆగి, మళ్ళీ సాగాను. ఆఖరి వాక్యం కాగానే, కూడికలో చదివాక అనే మాటను నోరు దానంతటదే తెలుగులో అనేసింది: "చదవబడిన వాక్యాన్ని దేవుడు దీవించును గాక."

కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, అంతే అలవాటుగా, "ఆమెన్" అంది.

క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి చేత్తో నోరు మూసుకుంది. నాకూ నవ్వొచ్చింది. ఆ గదిలో నేను నవ్వడం అదే మొదలు.

"ఆ చివరిది కథలోదేనా?" అన్నారు మేడమ్.

"కాదండి. అలవాటు."

"అయితే అది తీసెయ్యండి. మిగతాదాంట్లో ఒక్క మాట కదపకండి." తర్వాతి వాళ్ళను పిలిచారు.

బయటికొచ్చాక ఆ అమ్మాయి నా పక్కన చేరింది. "మీదెక్కడండి?"

"మలికిపురమండి."

"ఆయ్. మాది జొన్నాడ. మీ గొంతు వింటుంటే మా కూడికలో కూర్చున్నట్టే ఉంది. నోరాగలేదు, ఏమనుకోకండి."

"మీరు అనకపోతే నేనింకా అక్కడే నిలబడి ఉండేదాన్నండి," అన్నాను.

సాయంత్రం అమ్మమ్మకు ఫోను చేశాను. చదివేశానని, చదువు మానేస్తానని నాన్నతో చెబుదామనుకున్నది ఇక చెప్పక్కర్లేదని అన్నాను. ఆమె అడిగింది ఒక్కటే.

"ఆమెన్ అన్నారా?"

"ఒక్కళ్ళే అన్నారు."

"ఒక్కళ్ళయినా అన్నారు కదా. నీ వంతయిపోయింది. వెళ్ళి అన్నం తిను."