నేను కనిపెట్టిన ఎడమచేతి గిటార్లు

గల్ఫ్‌లో, ముసఫ్ఫాలోని మా ఫ్లాట్ హాల్లో ఆ ఆదివారం మధ్యాహ్నం ఉన్నవి ఇవి: ఒక లాప్‌టాప్, ఒక గిటార్, దాన్ని ఎడమచేతి వాటంగా పట్టుకున్న శ్రీకాంత్, మంచం మీద పడుకుని సగం వింటున్న మా రూమ్మేటు రమేశన్న, ఒక భూతద్దం, దాన్ని పట్టుకున్న నేను. వీటిలో ప్రమాదకరమైనది ఆఖరిది. జరిగిన ప్రమాదాన్ని మా ఫ్యాక్టరీ అంతా కళ్లారా చూసింది కాబట్టి మీ దగ్గర దాచి లాభం లేదు.

శ్రీకాంత్‌ది జగిత్యాల. ఐకాడ్ పారిశ్రామికవాడలో మా పైపుల ఫ్యాక్టరీలోనే పెయింటర్. కంట్రీ అనే అమెరికా పల్లెబాణీ గాయకుడొకాయన పాటలంటే ప్రాణం. గదిలో హాయిగా వాయిస్తాడు, నలుగురు చేరితే ఆపేస్తాడు. పాత లేబర్ క్యాంపులో ఒకసారి గిటార్ ఉల్టా పట్టుకున్నాడని అందరూ నవ్వితే, పాట మధ్యలోనే దాన్ని సంచిలో పెట్టేశాడట. ఇప్పుడు కంపెనీ వార్షికోత్సవానికి రమేశన్న చెప్పాపెట్టకుండా అతని పేరిచ్చేశాడు.

"నేను స్టేజీ ఎక్క భయ్," అన్నాడు శ్రీకాంత్. "మల్ల నవ్వుతరు. ఆ సింగర్ ఎన్నడన్న ఎడమచేత్తోని వాయించిండా? వాయిస్తే నాకో ధైర్నం. జర చూసి చెప్పు, ఇంజినీర్‌వి గద."

ఇంజినీర్‌వి కదా అంటే నేను ఆగను. వీడియోలన్నీ ఆపి ఆపి చూశాను. గిటార్ తల ఆకారం, చెక్క రంగు, గీతలు, అరుగుదల, అన్నీ పట్టిక వేశాను. వారం తిరిగేసరికి శాస్త్రవేత్తలా గొంతు సవరించుకున్నాను.

"మొత్తం ఎనిమిది గిటార్లు. కుడిచేతివి నాలుగు, ఎడమచేతివి నాలుగు. ఆయన కుడివాటంగానూ, ఎడమవాటంగానూ వాయిస్తాడు!"

రమేశన్న లేచి కూర్చున్నాడు. "తమ్మీ, దీనికి కుడిదిక్కు గీత ఉన్నది, దానికి ఎడమదిక్కు అసొంటి గీతనే ఉన్నది. గీతలు సుత జతలు జతలు పుడ్తయా?"

"పుడతాయన్నా. కుడిచేత్తో ఎలా గీకుతాడో ఎడమచేత్తోనూ అలాగే గీకుతాడు. గొప్పవాళ్ల లెక్క అది."

"మరి పుట్టుమచ్చ ఒకపారి ఈ చెంప మీద, ఒకపారి ఆ చెంప మీద ఎందుకున్నది?"

"మేకప్ అన్నా!"

"నువ్వు ఊకోయే," అని శ్రీకాంత్ రమేశన్నను కసిరాడు. అతని మొహం పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక నాకు అనుమానమే రాలేదు. ఒక మనిషి సంతోషం మన సిద్ధాంతం మీద నిలబడితే, దాని పునాది తవ్వి చూడాలని ఎవరికి అనిపిస్తుంది చెప్పండి?

వార్షికోత్సవం క్యాంటీన్లో జరిగింది. శ్రీకాంత్ గిటార్‌తో స్టేజీ ఎక్కాడు. పరిచయం చేసేది నేనే. "ఈ మహాగాయకుడిదీ ఎడమచేతి వాటమే" అంటూ గోడ మీద వీడియో వేశాను. లాప్‌టాప్‌లో అరచెయ్యంత ఉన్న బొమ్మ అక్కడ లారీ అంత అయింది. గాయకుడి వెనకున్న బోర్డు కూడా పెరిగింది.

ముందు వరుసలోంచి మా ముదీర్, అంటే మేనేజరు, వేలు చూపించాడు. "ఇంజినీర్ సాబ్, వో బోర్డ్ ఉల్టా క్యోం హై?"

బోర్డు మీది అక్షరాలన్నీ అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. కాపీ అని పట్టుబడకుండా ఎవరో వీడియోను కుడిఎడమలు మార్చి ఎక్కించారన్నమాట! నేను ఎడమచేతివన్న వీడియోలన్నీ ఇలాంటివే. ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. వెల్డింగు ఎక్స్‌రే ఫిల్ములు చదవడం నా పని. ఫిల్ము తిరగబడితే తెలియాలని దాని మీద అక్షరాలు పడేలా చేస్తాం. ముందు అక్షరాలు చూడండి, తర్వాతే పగుళ్లు వెతకండి అని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది కూడా నేనే.

క్యాంటీన్ కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నాకు మాత్రం శ్రీకాంత్ చేతులే కనిపించాయి. గిటార్ సంచి వైపు వెళతాయేమోనని భయపడ్డాను. ఆ చేతులు మైకు వైపు వెళ్లాయి.

"ఖలాస్ సార్," అన్నాడు హిందీలో. "ఆయనది కుడిచెయ్యే, నాది ఎడమచెయ్యి. వీడియోను తిప్పినట్టు నన్ను తిప్పలేరు కదా. వినండి."

మళ్లీ నవ్వారు, ఈసారి అతనితో కలిసి. తర్వాత నిశ్శబ్దంగా విన్నారు. పాట మధ్యలో ఆగలేదు.

దిగి వచ్చాక క్షమించమని అడిగాను.

"ఎందుకు భయ్? నవ్వుతరని భయపడ్డ. ఆ నవ్వంత నువ్వే తీస్కున్నవ్. నాకు తోవ సాఫైంది," అన్నాడు.

ఆ మాటకు సంతోషించాలో సిగ్గుపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. నా డిగ్రీ మీద ఒట్టు, ఇకమీదట గిటార్ తీగలు కొని తెమ్మంటే తెస్తాను తప్ప, ఏ గిటార్ ఎవరిదో నోరు విప్పి చెప్పను. సవరించిన లెక్క మాత్రం చెప్పి ముగిస్తాను.

గిటార్లు నాలుగు.