గోదాలో పిలవని పేరు

ఈ మధ్య ఒక పెద్దమనిషి మా ఇంటికొచ్చి, ఆ రోజుల్లో పొన్నూరు కుస్తీల కాంట్రాక్టరు ఎందరు పహిల్వాన్లను తయారు చేశాడో అంటూ తెగ పొగిడాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తయారు చేశాడా? ఆ మహానుభావుడు జన్మలో ఒక్కణ్ణి తయారు చేసిన పాపాన పోలేదు. ఎవరో వండి వార్చుకుంటే, వెళ్ళి గిన్నెతో సహా ఎత్తుకొచ్చేవాడు. ఆ గిన్నెలో నేనూ ఒక మెతుకుని కాబట్టే చెబుతున్నాను.

తయారు చేయడమంటే ఏమిటో సత్తెనపల్లిలో మా వస్తాదుగారిని చూస్తే తెలిసేది. ఆయన దూదేకి పరుపులు కుట్టుకునే సాయిబుగారు. పగలు పరుపులు, సాయంత్రం తన తాలింఖానాలో కుస్తీ పాఠాలు. పంటలు ఇళ్ళకు చేరాక ఊరూరా తడికెల దడి కట్టి, టిక్కెట్టు పెట్టి కుస్తీలు ఆడించేవారు. జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోసే ఒకణ్ణి చేరదీసి, ఆరేళ్ళు ఇంట్లో పాలూ బాదంపప్పూ పెట్టి సాకారు. మొదటి ఏడాది మాత్రం అతన్ని ఏ ఊరెళ్ళినా తనకన్నా బలవంతుల మీదికే దింపారు. పాపం, ప్రతి ఊళ్ళోనూ వెల్లకిలా పడ్డాడు.

"ఎందుకండీ వాడి పరువు తీస్తారు?" అని అడిగాను.

"ఊరుకోరా, నీకు తెలవదు. గెలిచినోడికి చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళిపోతారు జనం. పడినోడు లేచాడా లేదా అని పై ఏడు ఎతుక్కుంటా వస్తారు, చూడు" అన్నారు.

వచ్చారు కూడా. రెండో ఏడు అతను లేచాడు. మూడో ఏటికల్లా ఏ ఊళ్ళో దిగినా ఆడవాళ్ళు చెంబులతో పాలు తెచ్చి "మావాడొచ్చాడు" అనేవారు. అదీ తయారు చేయడమంటే.

నన్ను తయారు చేసిందీ ఆయనే. మిరపకాయల వేలంలో ధరలు అరిచే గుమాస్తాని నేను. నా గొంతు విని పిలిచి, చేతికి మైకిచ్చారు. గోదాలోకి మనిషిని ఎలా పిలవాలో నేర్పారు. ముందు గురువు పేరు, తర్వాత ఊరు, ఆ తర్వాతే పహిల్వాను పేరు. మైకులో పిలిస్తేనే గురువు గోదాలో కాలు పెట్టాలి. పిలవకుండా దిగడం మా దగ్గర మహాపరాధం. దిగిన గురువు తన తాలింఖానా మట్టి గుప్పెడు శిష్యుడి కుడిచేతిలో పోస్తాడు. అది ఒంటికి రాసుకున్నాకే కుస్తీ.

అంతా అమరిన సమయానికి ఊడిపడ్డాడు పొన్నూరు కాంట్రాక్టరు. ఆయనకు రేకుల షెడ్డుంది, కుర్చీలున్నాయి, ఊరంతా తిరిగే ప్రచారం బండి ఉంది. లేనిదల్లా పహిల్వానే. మా పహిల్వానుకు సొంత ఇల్లు ఆశ చూపాడు, నాకు నెల జీతం. సిగ్గులేకుండా ఇద్దరం ఒప్పుకున్నాం. కాళ్ళకు మొక్కబోతే వస్తాదుగారు తిట్టలేదు. "అక్కడ మొదటి కుస్తీకి మన మట్టి తెస్తాలే. పిలవడం మరిచిపోకండి" అన్నారు. ఆ మనిషి అడిగింది అదొక్కటే.

పొన్నూరు గోడల నిండా పోస్టర్లు. "మా కంపెనీ కన్న సింహం" అట! కన్నదట! నొప్పులు పడిందెవరు, ఆరేళ్ళు సాకిందెవరు?

మొదటి కుస్తీ సాయంత్రం వస్తాదుగారు బస్సు దిగి, టిక్కెట్టు కొనుక్కుని, నేల మీద కూర్చున్నారు. ఒళ్ళో ఎర్రగుడ్డ మూట. కాంట్రాక్టరు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. అందులో కంపెనీ పేరుంది, పహిల్వాను పేరుంది.

"గురువుగారి పేరు లేదేమండీ?"

"ఏ గురువయ్యా? ఇక మన కంపెనీయే గురువు. ఉన్నది చదువు. చదవలేనంటే చెప్పు, గొంతున్నోళ్ళు ఊళ్ళో బోలెడంతమంది."

చదివాను. పహిల్వాను గోదాలోకి దిగి, అలవాటు ప్రకారం కుడిచెయ్యి చాచి నిలబడ్డాడు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. నా వంక చూశాడు. అటు వస్తాదుగారు మూట పట్టుకుని సగం లేచి, ఆయనా నా వంకే చూస్తున్నారు. ఒక్క పేరు పిలిస్తే చాలు. నేను మళ్ళీ ఆ కాగితమే చదివాను, ఈసారి ఇంకా గట్టిగా. ఆయన మెల్లగా కూర్చుండిపోయారు.

"ఏరా, అడుక్కుంటన్నావా ఏంది? పట్టు!" అని జనంలోంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. పహిల్వాను చెయ్యి దించి, లారీలో తోలించిన ఇసుకే ఒంటికి రాసుకుని, కుస్తీ గెలిచాడు.

నేను బస్టాండుకు పరుగెత్తాను. "కాగితంలో లేదండీ, నేనేం చేసేది..." అంటూ నసిగాను. చెంప పగలగొట్టినా బాగుండేది.

"గొంతు బాగా పలికిందిరా. చివరి వరసదాకా ఇనపడింది" అన్నారు. మూట విప్పకుండానే చంకన పెట్టుకుని బస్సెక్కారు.

తర్వాత రెండేళ్ళూ కాంట్రాక్టరు మా పహిల్వానుని బక్కవాళ్ళ మీదికే దింపి వరసపెట్టి గెలిపించాడు. పడెయ్యడానికి ధైర్యం లేదు, లేపడం చేతకాదు. జనానికి విసుగొచ్చింది. అతన్ని వదిలేసి, ఇంకెవరి ఇంట్లో వంట అయిందా అని బయల్దేరాడు. అలాంటివాణ్ణి దొంగ అనక ఏమనాలి? అదే మాట ఆ పెద్దమనిషి మొహం మీదే అన్నాను.

అంతా విని ఆయన, "అయితే ఆ వస్తాదుగారి పేరేమిటండీ?" అని అడిగాడు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ముందు గురువు పేరు, తర్వాత ఊరు, నాకు నేర్పినట్టే, వీధి చివరిదాకా వినబడేలా పిలిచాను. వస్తాదుగారు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.