స్టీలు గిన్నెలో నాలుగు సీసాలు

ఈ ఉదయం కాన్పుల గదిలో విటమిన్ కె సీసా మెడ విరిచాను. చిటికెన వేలంత కూడా లేని గాజు సీసా. టప్‌మని చిన్న చప్పుడు, వెంటనే స్పిరిట్ వాసన, తొడలో సూది దిగగానే అప్పుడే పుట్టిన పిల్లాడి కేక. ఈ మూడూ వరసగా జరిగినప్పుడల్లా నా వెనక ఎస్తేరు సిస్టర్ నిలబడి ఉన్నట్టే ఉంటుంది. ఖాళీ సీసాను స్టీలు గిన్నెలో వేసి, ఆ తరువాతే రిజిస్టర్ తెరిచాను. ఆ వరస తప్పితే ఏమవుతుందో ఆమె నాకు ఒక్కసారే నేర్పింది. మళ్లీ నేర్పాల్సిన అవసరం రాలేదు.

ఇబ్రహీంపట్నంలోని ఈ చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను చేరేనాటికి ఆమెకు యాభై దాటాయి. పొట్టి మనిషి. నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసపడేది. కోపం వస్తే గొంతు పెంచేది కాదు, తగ్గించేది. అందుకే ఆమె మెల్లగా మాట్లాడిందంటే మేం చేస్తున్న పని ఆపేసేవాళ్లం. బిడ్డలకు సూది వేశాక ఖాళీ సీసాను వెంటనే చెత్త డబ్బాలో వేయనిచ్చేది కాదు. బల్ల కింద మూత ఉన్న ఒక స్టీలు గిన్నె పెట్టుకుంది, అందులో వేయాలి. డ్యూటీ దిగేటప్పుడు పుట్టిన బిడ్డలనూ గిన్నెలోని సీసాలనూ సరిచూసుకుని, అప్పుడే పారేసేది. "ఏం వండుతున్నవ్ సిస్టర్ గిన్నెల?" అని ఆయాలు ఆట పట్టిస్తే నవ్వేది, కానీ గిన్నె మాత్రం తీసేది కాదు.

నాకేమో నా చేతిరాత మీద పొగరు. మా ఇంట్లో నర్సింగ్ చదివిన మొదటిదాన్ని నేనే. బిడ్డ పుట్టగానే బరువు, ఏడుపు, తల్లిపాలు, విటమిన్ కె, టీకాలు, అన్ని గడులూ ఒకే ఊపులో ముత్యాల్లా నింపేసేదాన్ని. చేయబోయే పనికి కూడా ముందే టిక్కు పెట్టేదాన్ని, ఎలాగూ చేస్తాం కదా అని. రిజిస్టర్ చూసి డాక్టరమ్మ మెచ్చుకున్నప్పుడు ఎస్తేరు సిస్టర్ ఒక్క మాట అంది: "రాత బాగనే ఉన్నది. చెయ్యి సంగతి సూడాలె." ఓర్వలేనితనం అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఒకసారి ఆమె తమ్ముడి గృహప్రవేశానికని మూడు రోజులు సెలవు పెట్టింది. తిరిగి వచ్చిన ఉదయం, చీర కొంగు సరిచేసుకుంటూనే బల్ల కిందికి వంగి, తను లేనన్నాళ్లూ ఎవరూ ఖాళీ చేయని గిన్నె మూత తీసింది. రిజిస్టర్ చూసింది. గొంతు తగ్గింది.

"ఐదు కాన్పులైనయ్. సీసాలు నాలుగే ఉన్నయ్. ఇంకోటేది స్వరూపా?"

"కింద పడి పగిలిందేమో సిస్టర్" అన్నాను. నోరు దానంతటదే అబద్ధం ఆడింది.

"పగిలితే కొత్తది తీసి ఇస్తుంటివి, అది గిన్నెల ఉంటుండె. ఏ బిడ్డకు ఇయ్యలే?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. మంచాల అనే ఊరి వైపు నుంచి వచ్చిన మమత అనే ఆమె కాన్పు. ఆడపిల్ల పుట్టింది. గడులన్నీ నింపి సీసా చేతిలోకి తీసుకోబోతుంటే పక్క మంచం మీది బాలింతకు రక్తం ఎక్కువగా పోతోందని కేకేశారు, అటు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి గడిలో టిక్కు ఉంది. నా టిక్కును నేనే నమ్మేశాను. ముందురోజే వాళ్లు ఇంటికి వెళ్లిపోయారు. నేను ఏడవడం మొదలుపెట్టాను.

ఆమె తిట్టలేదు. డాక్టరమ్మకు ఫోన్‌లో జరిగింది జరిగినట్టు చెప్పింది, మమత ఇంటి ఫోన్ కలవకపోతే మా దగ్గరున్న కార్డులో ఊరి పేరు చూసింది, రెండు సీసాలు సంచిలో పెట్టుకుంది. "ఏడ్సుడు తర్వాత. చెప్పులేసుకో, పోదాం" అంది.

మంచాల బస్సులో ఆమె సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీ అవతల ఎండిన చేలు వెనక్కి పోతుంటే నేను మనసులో మొక్కని దేవుడు లేడు. బస్సు దిగి ఆ ఇంటికి చేరేసరికి మమత అత్త వాకిట్లో చిన్న గుడ్డలు పిండుతోంది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. బిడ్డ బొడ్డు దగ్గర పొద్దుటి నుంచీ నెత్తురు చెమ్మగిల్లుతోందట, మూడుసార్లు గుడ్డ మార్చారట.

"బొడ్డు ఎండెటప్పుడు గట్లనే ఉంటది" అందామె తేలిగ్గా. సూది వేయాలనగానే మాత్రం ముఖం మారిపోయింది. "పుట్టినప్పుడే అన్ని సూదులు అయినయ్ గద. గీ కార్డు మీద గుడ రాసిరి. పసిపిల్లకు ఎన్నిసార్లు పొడుస్తరు?"

కార్డు తెచ్చి చూపించింది. రిజిస్టర్ చూసి ఎక్కించిన, ముత్యాల్లాంటి నా రాత. విటమిన్ కె ఎదురుగా చక్కటి టిక్కు. బిడ్డకూ మందుకూ మధ్య అడ్డం నిలబడింది ఆ గీతే. ఎస్తేరు సిస్టర్ నా వంక చూసింది. ఆమె చెప్పగలదు, కానీ నా వంతు నాకే వదిలేసింది.

"ఆ రాత నాదే పెద్దమ్మా" అన్నాను. "రాసిన గని ఇయ్యలే. నాదే తప్పు."

ముసలామె కార్డును మళ్లీ కళ్ల దగ్గరికి పెట్టుకుంది. ఇక తిట్లే అనుకున్నాను. అప్పుడు ఎస్తేరు సిస్టర్ గడప పక్కన కూలబడి, ఆయాసం తీర్చుకుంటూ చెప్పింది. "నెత్తురు గడ్డ కట్టాలంటే గీ విటమిన్ కావాలె. మనం ఆకుకూరలు తింటం, మనకు దొరుకుతది. తల్లి కడుపులకెల్లి బిడ్డకు వచ్చేది జరంతే. తల్లిపాలల్ల గుడ తక్వనే. అందుకే పుట్టంగనే ఒక్క సూది ఇస్తం. అది లేకుంటే ఒక్కోసారి బొడ్డుకాడ కారుతది, ఒక్కోసారి తలకాయల కారుతది. తలకాయల కారితే మనకు కనవడదు."

"తల్లికి ఆకుకూర మస్తు పెడితే పాలల్లకు రాదా?"

"పెట్టు, ఆమెకు మంచిదే. గని బిడ్డకు సరిపోయేంత రాదక్కా."

లోపలి నుంచి మమత బిడ్డనెత్తుకుని వచ్చింది. నా ముఖం కేసి ఒక నిమిషం చూసింది. "తప్పు చెప్పెటందుకు ఇంత దూరం వచ్చిన్రు. అబద్ధమైతే రారు గద అత్తమ్మా" అని బిడ్డ తొడ మీది గుడ్డ తొలగించింది.

సూది నాతోనే వేయించింది సిస్టర్. సూది పట్టిన నా చేతి కింద తన చేయి పట్టింది. వెంటనే ఆటో మాట్లాడి తల్లీబిడ్డలను తీసుకొచ్చాం. డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి రెండు రోజులు కనిపెట్టి చూసింది. ఆ సాయంత్రానికే గుడ్డ పొడిగా ఉంది. పొడి గుడ్డను చూసి అంత సంతోషపడ్డ మనిషి నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఉద్యోగం పోతుందన్న భయంతో, టిక్కు చెరిపేయనా అని అడిగాను. "చెరుపకు. పక్కన రాయి" అంది. ఏ రోజు, ఎక్కడ, ఎన్ని గంటలకు ఇచ్చానో, ఎందుకు ఆలస్యమైందో ఎర్ర పెన్నుతో రాయించి సంతకం పెట్టించింది. డాక్టరమ్మ అది రెండుసార్లు చదివింది. తరువాత, గిన్నె సరిచూశాకే ఎవరినైనా ఇంటికి పంపాలని అందరికీ చెప్పింది. నా ఉద్యోగం నిలిచింది. మూడేళ్లకు మమత రెండో కాన్పుకొచ్చి, "స్వరూప సిస్టరే సూదెయ్యాలె" అని పట్టుబట్టింది. అంతకంటే పెద్ద సన్మానం నాకింకా జరగలేదు.

ఎస్తేరు సిస్టర్ ఆయాసం వెనక గుండె జబ్బు ఉందని తరువాత తెలిసింది. కవాటం మార్చారు. ఇప్పుడు బడంగ్‌పేట్‌లో చెల్లెలి దగ్గర ఉంటోంది. ఆ కొత్త కవాటం దగ్గర రక్తం గడ్డ కట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర విటమిన్ కె పనికి అడ్డం పడే మందు. జన్మంతా విటమిన్ కె ఇచ్చిన చేతికి ఈ మాత్ర రావడం చూసి ఆమే నవ్వుకుంటుంది. ఆకుకూరలు మానొద్దు, ఎముకలకూ అది కావాలి, కానీ రోజూ ఒకే తీరుగా తినాలి అన్నాడు డాక్టరు. ఆమె చిన్న కటోరా ఒకటి పెట్టుకుంది. దాని నిండా వండిన ఆకుకూర, అంతే. ఆ కటోరాను చూసినప్పుడల్లా నాకు పాత గిన్నె గుర్తొస్తుంది.

నెలకోసారి రక్తపరీక్షకు నేనే తోడు వెళ్తాను. మొన్న వానలప్పుడు రిపోర్టు చూసి డాక్టరు కనుబొమ్మలు ముడిచాడు. మందు పనిచేయాల్సినంత పనిచేయడం లేదన్నాడు. "ఆకుకూర ఏమన్నా ఎక్కువ తిన్నారా?"

"లేదు సారూ, ఎప్పటి తీరుగనే" అంది ఎస్తేరు సిస్టర్, నా వైపు చూడకుండా.

ఆమె నోట అబద్ధం వినడం నాకదే మొదలు. ఎందుకో వెంటనే తెలిసింది. ముందు వారం మా ఊరి పుంటికూర పచ్చడి, అదే గోంగూర పచ్చడి, ప్రేమకొద్దీ సీసా నిండా ఇచ్చి, "అంతా తినాలె" అని ఒట్టు పెట్టింది నేనే. నన్ను కాపాడుతోంది.

"పుంటికూర పచ్చడి నేనే ఇచ్చిన సారూ" అన్నాను. "రెండు పూటలా తిన్నట్టుంది. రాసుకోండి."

డాక్టరు రాసుకున్నాడు, మాత్ర మోతాదు సరిచేశాడు, వారానికి మళ్లీ రమ్మన్నాడు. గది బయటికి వచ్చాం. ఇంకా ఏదైనా తప్పు చేసినప్పుడు నా నోటికి మొదట వచ్చేది అబద్ధమే. దాన్ని మింగి నిజం చెప్పడానికి పట్టే ఆ ఒక్క క్షణం నాకు ఆమె ఇచ్చిందే. ఆమె గోడ పట్టుకుని, గుమ్మం దగ్గర విప్పిన చెప్పుల కోసం మెల్లగా కిందికి చూసింది. కళ్లలో నీళ్లున్నాయి, పెదవుల మీద నవ్వుంది.

"ఏడ్సుడు తర్వాత సిస్టర్" అన్నాను, వంగి ఆమె కాళ్ల ముందు జత సరిగ్గా పెట్టి. "చెప్పులేసుకో, పోదాం."