పదో నంబరు కాళ్లు

పొద్దస్తమానం ఎవరింట్లో ఏం కూరో అడుగుతారు, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో అడుగుతారు. మీ కాళ్లకున్న చెప్పులు కుట్టిన మనిషి గురించి ఒక్కరైనా అడిగారా? నోళ్లు పడిపోయాయా? కూర్చోండి. మధ్యలో కిసుక్కున నవ్వినవాళ్లని లేపి పంపేస్తాను.

అందరూ ఆమెని పదో నంబరు అనేవాళ్లు. వెక్కిరింపుగా పెట్టిన పేరే. చెప్పుల కొట్టు ఆయనకి రెండో బిడ్డ. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు. మంత్రసాని కంటికి కనపడింది చెప్పింది, ఆవిడ తప్పేం లేదు. నాలుగేళ్లకి పిల్ల "నేను అమ్మాయిని" అంది. నవ్వారు. పదేళ్లకి మళ్లీ అంది. కొట్టారు. పద్నాలుగేళ్లకి కూడా అదే మాట. అప్పటికి గొంతు బొంగురుపోయింది, భుజాలు విచ్చుకున్నాయి, పాదాలు పదో నంబరుకొచ్చాయి. చెప్పు కుట్టాలంటే పాదం ఆకారంలో చెక్కిన కొయ్య అచ్చు కావాలి. ఆ కొట్లో ఆడవాళ్ల అచ్చులు ఏడో నంబరుతోనే ఆగిపోయేవి.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అని తండ్రి స్వయంగా ఒక జత బూట్లు కుట్టాడు. అడుగున ఇనుప నాడాలు కొట్టాడు. బరువుతో నడిస్తే మగనడక వస్తుందని ఆయన లెక్క. ఏడాది తొడిగించాడు. నడక రాలేదు, మడమల మీద పుండ్లు వచ్చాయి. చివరికి ఆమె ఆ నాడాలు పీకి పనిబల్ల కాళ్లకి కొట్టింది.

"బల్లకైనా మగతనం వస్తుందేమో చూద్దాం, నాన్నా."

ఇరవయ్యో ఏట డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు. రక్తం తీశారు, ఏవేవో పరీక్షలు చేశారు. కాగితాలు చూసి తండ్రి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"చూశారా, అన్నీ మగాడికున్నట్టే ఉన్నాయి!"

"ఒంటి సంగతి ఇందులో ఉందండీ. తను ఎవరో తనకి తెలియడం రక్తంలో కనపడదు. కడుపులో ఉన్నప్పుడే కొంత ఏర్పడుతుందని చాలామంది అంటారు, పూర్తిగా ఇంకా ఎవరికీ తెలీదు. ఇది జబ్బు కాదు. మీ పెంపకం వల్ల వచ్చిందీ కాదు, పెంపకంతో పోయేదీ కాదు."

ఆయన చెవికి ఎక్కించుకోలేదు. ఇంటికొచ్చి పెళ్లాం మీద పడ్డాడు. "చిన్నప్పుడు గౌన్లు తొడిగి పాడుచేశావు!" ఆ తల్లి ఆయన పోయేదాకా ఆ నింద మోస్తూనే ఉంది.

తండ్రి పోయాక తాళాలు అన్న నడుముకి చేరాయి. ఆమె పనితనం వాడికి కావాలి, ఆమె మొహం మాత్రం అక్కర్లేదు.

"నువ్వు వెనక గదిలో కుట్టుకో. ముందు పీట మీద కూర్చుంటే కొట్టుకి ఎవరొస్తారు?"

"నా చేతి కుట్టు ముందుకి రావచ్చు, నేను రాకూడదా అన్నయ్యా? అయితే ఇంక కుట్టను. నీ చెప్పులు నువ్వే కుట్టుకో."

"అంతా అమ్మ పెంపకం!" అని వాడు తల్లి వైపు తిరిగాడు.

ఆవిడ లోపలికెళ్లి పాత ఫొటో ఒకటి తెచ్చింది. జుట్టుకి రిబ్బను, పువ్వుల గౌను, బోసినవ్వు.

"ఎవర్రా ఇది?"

"ఇదిగో, వీడే కదా" అని చెల్లెలి వైపు వేలు చూపించాడు.

"చెవి కింద మచ్చ చూడు."

వాడి చెయ్యి దానంతటదే తన చెవి దగ్గరికి పోయింది.

"ఆ గౌను నీకు కొన్నాన్రా. మూడేళ్లు తొడుక్కున్నావు. రంగంతా నువ్వు పీల్చేశాక చిరుగులు మాత్రం దీనికొచ్చాయి. గౌను చేసే పనైతే ముందు నీకు చెయ్యాలి. మరి ఆ మీసం ఎక్కణ్నుంచి వచ్చింది? ఒకే కడుపు, ఒకే పాలు, ఒకే గౌను. ఇది ఇలాగే పుట్టింది, అంతే. ఇంకోసారి నా పెంపకం జోలికొచ్చావంటే ఈ ఫొటో కొట్టు గుమ్మానికి కడతాను!"

వాడు మీసం తడుముకుంటూ నిలబడ్డాడు. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. నవ్వు ఆగకముందే ఆమె వెళ్లి ముందు పీట మీద కూర్చుంది.

ఆ వారమే పదో నంబరులో ఆడవాళ్ల అచ్చు చెక్కి, మొదటి జత తనకే కుట్టుకుంది. ఎర్రవి, మడమెత్తువి. టకటకమని వీధంతా నడిచింది. తర్వాత అచ్చుల మీద ఆడ, మగ అని రాసినవన్నీ గీకేసి అంకెలు మాత్రం ఉంచింది. ఎవరొచ్చినా కాగితం పరిచి, "కాలు పెట్టండి" అని పెన్సిలుతో చుట్టూ గీత గీసేది.

"ఆడవాళ్లవా, మగవాళ్లవా?" అని అడిగితే, "మీ కాలివి" అనేది.

పెద్ద పాదాలని దాచుకు తిరిగే ఆడవాళ్లు వచ్చారు, పిల్లల సైజు కొనుక్కునే మగవాళ్లు వచ్చారు. రాకుండా మానేసినవాళ్లూ ఉన్నారు. ఉమ్మేసి పోయినవాడూ ఉన్నాడు. వాడి వెనకాలే చీపురు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లింది, ఆ ఎర్రచెప్పులతోనే. చివరికి కొట్టు బోర్డు మీద పెద్దక్షరాలతో తన పేరే రాయించింది: పదో నంబరు.

ఆ పీట మీంచి ఆమెని ఎవరూ లేపలేదు. పోయే ముందు రోజు సాయంత్రం కూడా అక్కడే కూర్చుని ఎవరిదో పాదం గీసింది. పోయేనాటికి ఆమెకి అరవై మూడేళ్లు.