ముందే చెప్పే బండి

వాంతి చేసుకున్నందుకు నాకు జీతం ఇస్తారని మా అమ్మ మార్కాపురంలో ఇంటింటికీ చెప్పుకుంటుంది. పూర్తిగా అబద్ధమని అనలేను. హైదరాబాదులో ఒక పెద్ద కాలేజీ ఆవరణలో డ్రైవరు లేకుండా తిరిగే చిన్న బండి ఒకటుంది. దాన్ని తయారుచేసే బృందంలో నేను పనిచేస్తాను. బండికి ఏ లోటూ లేదు. ఎక్కినవాళ్లకే కడుపులో దేవుతుంది. అందరికంటే ముందు, రెండో మలుపుకే, నాకు దేవుతుంది కాబట్టి ఏ మార్పు చేసినా మొదట నన్నే ఎక్కిస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరుతో నేను, పక్కన గడియారంతో మా సహోద్యోగిని. "ఈసారి నాలుగు నిమిషాలు ఆగాడు!" అని ఆమె గంతులేసిన రోజులున్నాయి.

మేం చేయని ప్రయత్నం లేదు. కిటికీలు పెద్దవి చేశాం. వెనక్కి తిరిగి ఉన్న సీట్లను ముందుకు తిప్పాం. ఫోను చూడొద్దని బోర్డు పెట్టాం. చివరికి "బండి ఎడమవైపు తిరుగుతోంది" అని ఒక అమ్మాయి గొంతు మర్యాదగా చెప్పే ఏర్పాటు కూడా చేశాం. ఆమె చెప్పేది, నేను కక్కేవాణ్ణి.

ఈ సంగతి విని పడీ పడీ నవ్వాల్సిన మనిషి మా నాయన. ముప్పై ఏళ్లు రాతిపలకల లారీ తోలినవాడు. చిన్నప్పుడు గిద్దలూరు బస్సెక్కితే చాలు, నేను నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేవాణ్ణి. "డ్రైవరు కొడుకువి, నీకిదేం రోగం రా" అని ఊరంతా వినేలా వెక్కిరించేవాడు. అలాంటివాడు ఈసారి నవ్వలేదు.

ఎందుకంటే రెండేళ్ల కింద ఆయన చూపు మసకబారింది. డాక్టరు లారీ మాట దేవుడెరుగు, మోపెడ్ కూడా ముట్టొద్దన్నాడు. ఆ తర్వాత ఒకరి కారులో పక్కసీట్లో కూర్చుని కంభం వెళ్తూ, దారిలో తలుపు తీసి కక్కేశాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక ఏ బండీ ఎక్కలేదు. పెళ్లిళ్లకు అమ్మనొక్కదాన్నే పంపేవాడు. పాత డ్రైవర్లు కూర్చుంటారని టీ దుకాణానికి పోవడం కూడా మానుకున్నాడు. తలుచుకుంటే నవ్వొచ్చే సంగతే. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మొన్న వేసవిలో ఆత్మకూరులో మా చెల్లెలి కూతురికి చెవులు కుట్టించాలన్నారు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించాలి కాబట్టి నేను వెళ్లక తప్పదు. తాత రాకపోతే అసలు కుట్టించేదే లేదని చెల్లెలు ఫోన్‌లో మొండికేసింది.

"దోవ పొడుగునా కక్కుకుంటా పోతే వియ్యంకుడు ఏమనుకుంటాడు? నేను రాను" అన్నాడు నాయన.

"ఆడపిల్ల నోరు తెరిచి అడిగితే కాదంటావా?" అని అమ్మ ఇస్త్రీ చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది.

కారు నేనే తోలాను. స్టీరింగు నా చేతిలో ఉంటే నాకు వాంతి రాదు. బండి ఏం చేయబోతోందో తోలేవాడికి ముందే తెలుస్తుంది కదా. అదే నాయనకూ తెలియజేద్దామనుకున్నాను. దోర్నాల చెక్‌పోస్టు దాటి నల్లమల ఘాటు ఎక్కగానే, మా బండిలో అమ్మాయిలాగా మొదలుపెట్టాను. "ఎడమ మలుపు నాయనా." "కుడి మలుపు నాయనా." ముందు సీట్లో నాయన మొహం పాలిపోయింది. వెనక నుంచి అమ్మ కవరు అందించింది.

"ఏందిరా నువ్వు చెప్పేది? తిరిగినాక చెప్తే ఏం లాభం?" అన్నాడు నాయన పళ్లు బిగించి.

"మరెప్పుడు చెప్పాల?"

"మలుపు కనపడక ముందే చెప్పాల. మా లోడు మీద హమాలీలు కూసోని వచ్చేటోళ్లు. నేను తిరిగినాక అరిస్తే మనుషులూ మిగలరు, పలకలూ మిగలవు. ఊపిరి పీల్చుకునేంత టైమియ్యాల. యా పక్కకు తిరిగేదీ, ఎంత గట్టిగా తిరిగేదీ, రెండూ చెప్పాల."

"అట్లయితే నువ్వే చెప్పు నాయనా."

ఆయన కిటికీ దించి గొంతు సవరించుకున్నాడు. "ఎడమ పక్కకు, మెత్తంగా!" అని అరిచాడు. నాకు రోడ్డు ఇంకా తిన్నగానే కనిపిస్తోంది. అంతలో మలుపు వచ్చింది. ఎడమకే, మెత్తగానే. "కుడి పక్కకు, గట్టిగా! దాని ఎనకాల్నే గుంత!" గుంత కూడా వచ్చింది. రెండేళ్లయినా దాన్ని పూడ్చినవాడు లేడు. మలుపుకొకసారి ముగ్గురం కలిసి అటు ఒరిగాం, ఇటు ఒరిగాం. అమ్మకు నవ్వాగలేదు. రోడ్డు మీది కోతులు ఆ కేకలకు చెట్లెక్కాయి. ఆయన చూపు మసకే గానీ ఘాటు మొత్తం కంఠతా ఉంది. ఆత్మకూరు చేరేసరికి గొంతు బొంగురుపోయింది, కవరు మాత్రం ఖాళీగానే ఉంది. దిగీ దిగగానే వియ్యంకుడితో, "ఆకలైతాంది బావా, ఏమన్నా పెట్టు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కుండానే నాయనను హైదరాబాదు తీసుకెళ్లాను. మూడు రోజులు ఆయన మా బండి తిరిగే దారంతా నడిచాడు. ఎక్కడ ఏం చెప్పాలో, ఎంత ముందు చెప్పాలో ఆయనే తేల్చాడు. మెల్లగా మాట్లాడమని రికార్డింగు చేసే అబ్బాయి అంటే, "గుసగుసలాడితే హమాలీలకు యాడ వినపడతాది?" అని కసిరాడు. మర్యాదగల అమ్మాయిని తీసేసి ఆయన గొంతు పెట్టాం. నేనెక్కి కూర్చుంటే, ఎంతసేపటికీ వాంతి రాలేదని మా సహోద్యోగిని విసుగెత్తి గడియారం జేబులో వేసుకుంది. నా ఉద్యోగం ఊడుతుందేమో అన్నాను. అందరూ విరగబడి నవ్వారు.

నాలుగో రోజు నాయననే ఎక్కించాం. బండిలో స్టీరింగు లేదు, డ్రైవరు సీటే లేదు. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బండి కదిలింది. "కుడి పక్కకు, మెత్తంగా!" అని ఆయన గొంతే పైనుంచి అరిచింది. బండి బుద్ధిగా కుడికి తిరిగింది. "స్పీడు బ్రేకరు, పట్టుకోండి!" బండిలో ఉన్న విద్యార్థులంతా నవ్వుతూ కడ్డీలు పట్టుకున్నారు. నాయన నా చెయ్యి వదిలేశాడు. నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

ముందు సీట్లో అమ్మాయి వెనక్కి తిరిగి ఆయన్ని చూసి, "డ్రైవరు లేని బండి కదా తాతా, భయం వెయ్యట్లేదా?" అని అడిగింది.

"లేకపోవడమేంది?" అన్నాడు నాయన. "నేనే గదమ్మా తోలతా ఉండేది."